మూత పెట్టిన గ్రేవీ

ఈ ఏడాది ఏప్రిల్‌లో మా పాప పుట్టెంట్రుకల విందుకు అరవై మందికి సరిపడా గ్రేవీ చేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ఉద్యోగం మానేసి ఏడాదిన్నర. అంతకుముందు ఆరేళ్లు కర్నూలులో ఒక హోటల్ వంటగదిలో, గ్రేవీ సెక్షన్‌లో పనిచేశాను. కమీగా, అంటే వంటగదిలో అందరికన్నా కింది మెట్టున చేరి, మానేసేనాటికి డీసీడీపీ అయ్యాను. సెక్షన్ పెద్దకు కుడిచేయి లాంటి హోదా అది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఉల్లిపాయలు తరుగుతున్నానని మా పత్తికొండలో నవ్వేవాళ్లు. వేంపల్లెలో మా అత్త మాత్రం కోడలు పెద్ద హోటల్లో చెఫ్ అని చెప్పుకునేది. అందుకే విందుకు వంటమాస్టరును మాట్లాడలేదు. కోడి కూర, పనీర్ కూర రెండూ హోటల్ రుచితో కోడలే చేస్తుందని పిలుపులకు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెప్పి వచ్చింది.

హోటల్లో ఏ కూర అడిగినా పావుగంటలో బల్ల మీదికి రావడానికి కారణం ముందే చేసి పెట్టుకున్న గ్రేవీ. ఉల్లిపాయలు, టమాటాలు పెద్ద ముక్కలుగా కోసి, అల్లం, వెల్లుల్లి, నానిన జీడిపప్పు, కొంచెం నూనె వేసి మునిగేంత నీళ్లతో ఉడికిస్తారు. ఉల్లిపాయ వేళ్ల మధ్య మెదిగిపోవాలి. ఆరాక రుబ్బి, జల్లెడ పట్టి, పసుపు, కారం, ధనియాల పొడితో నూనె పైకి తేలేదాకా మగ్గిస్తారు. ఉప్పు సగమే వేస్తారు. గరం మసాలా అసలు వేయరు. అవి ఏ కూరకు ఆ కూరలో పడతాయి.

ఇంతవరకు ఎవరైనా చేయగలరు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. చిక్కటి గ్రేవీ లోతైన గిన్నెలో ఉంటే పైన చల్లబడినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. సూక్ష్మజీవులు పెరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు. అందుకని రెండు వేళ్ల మందాన వెడల్పు ట్రేలలో పోసి, మూత లేకుండా గాలికి పెట్టి, రెండు గంటల్లో చల్లార్చి ఫ్రిజ్‌లోకి పంపాలి. మా సూ షెఫ్, అంటే వంటగదిలో రెండో అధికారి, షరీఫ్ భాయ్ ప్రతి ట్రేలోనూ థర్మామీటరు గుచ్చి చూసేవాడు. నాలుగు గంటలు దాటినా వెచ్చగా ఉన్న గ్రేవీని రుచి కూడా చూడనిచ్చేవాడు కాదు, పారబోయించేవాడు.

విందు ఆదివారం మధ్యాహ్నం. శనివారం పొద్దున్నే ఐదు కిలోల ఉల్లిపాయలతో మొదలుపెట్టాను. మిక్సీ రెండుసార్లు వేడెక్కి ఆగిపోయింది. పాపకు పళ్లొస్తున్నాయి, ఒళ్లు వెచ్చగా ఉంది, చంక దిగడం లేదు. ఒక చేత్తో పాపను, ఒక చేత్తో గరిటెను పట్టుకుని మూడు గంటలకు పని ముగించాను. నాలుగు వెడల్పు బేసిన్లలో గ్రేవీ పోసి, నడవలో టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఐదింటికి ఫ్రిజ్‌లోకి సర్దాలనుకున్నాను. మా ఆయన కింది అరలన్నీ ఖాళీ చేసి ఉంచాడు. పాపకు పాలిస్తూ పడుకున్నదాన్ని అలాగే నిద్రపోయాను.

లేచేసరికి ఐదున్నర. నడవలో బేసిన్లు లేవు. కడిగి గోడకు బోర్లించి ఉన్నాయి.

"అత్తా, గ్రేవీ ఏది?"

"అంతా ఎత్తి భద్రంగా పెట్టినాలేమ్మే. నువ్వు పాపను సూసుకో, ఒళ్లు కాలిపోతాంది."

ఫ్రిజ్‌లో పెట్టిందనుకున్నాను. వెళ్లి చూడాలనే అనుకున్నాను, కానీ పాపకు జ్వరం ఇంకా పెరిగింది. మందు వేయడం, తడిగుడ్డతో తుడవడం, మళ్లీ ఒంటి మీద చెయ్యి వేసి చూడడం. ఆ సాయంత్రం నేను ఫ్రిజ్ తలుపు తెరవలేదు. హోటల్లో ఉండగా కంటితో చూడకుండా ఏ ట్రేనూ సరే అనలేదు. ఇంట్లో ఒక్క మాట విని ఊరుకున్నాను.

ఆదివారం ఆరింటికి పాప జ్వరం తగ్గి నిద్రపోయింది. ఫ్రిజ్ తెరిచాను. కింది అరలు ఖాళీగానే ఉన్నాయి. గ్రేవీ అంతా వెనక గదిలో, లోతైన పెద్ద దబరాలో ఉంది. గట్టిగా మూత, మూత మీద మడిచిన దుప్పటి, దాని మీద బొగ్గుముక్క, రెండు ఎండుమిరపకాయలు. వచ్చేపోయేవాళ్ల కళ్లు పడకుండా అత్త చేసిన ఏర్పాటు అది. మూత తీస్తే లోపలివైపు నీటి చుక్కలు బొటబొటా రాలాయి. ఉద్యోగం నాటి థర్మామీటరు తెచ్చి నడుమ గుచ్చాను. ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆగింది. పొయ్యి దిగి పదిహేను గంటలైనా ఇంకా వెచ్చగా ఉంది.

వాసన చూశాను. బాగుంది. రంగు బాగుంది. అంచున నాలుగైదు చిన్న బుడగలు కనిపించాయి. అవి గరిటె తగిలి వచ్చాయో, పులుపు మొదలై వచ్చాయో తేల్చుకోలేకపోయాను. మా చిన్నాడబిడ్డ ఏడో నెల కడుపుతో వస్తోంది. పాప ఈడు పిల్లలు మరో నలుగురు వస్తున్నారు. ఇది పనికిరాదు, పారబోయాలి అన్నాను.

మా అత్త పళ్లు తోముతున్నది ఆపి వచ్చింది.

"వాసనేమన్నా వచ్చిందా? పులిసిందా? శానా బాగుండాది కదమ్మే! మేమంతా రాత్రి కూర పొద్దున తిని పెరిగినోళ్లమే."

"అత్తా, ఇది లోపల వెచ్చగానే ఉండిపోయింది..."

"ఇంకోతూరి మరగబెట్టు. ఏముండాదో అంతా సచ్చిపోతాది."

క్రిములు చచ్చినా అవి వదిలిన విషం ఒక్కోసారి మరిగించినా పోదని చెప్పాను. ఆ మాట ఇంకోలా చెప్పి ఉండాల్సింది.

"విషమా? నా సేత్తో ఎత్తి పెట్టినదాన్ని విషమంటాండావా?" అని ఆమె నన్ను కాదు, మా ఆయనను అడిగింది.

ఆయన సగమన్నా ఉంచమన్నాడు. సగం బాగుండి సగం చెడిపోయే వస్తువు కాదన్నాను. వచ్చినవాళ్లకు ఏం చెబుదామన్నాడు. గేదెలకైనా పోద్దామని అత్త అంటే అదీ వద్దన్నాను. పెరట్లో గుంత తవ్వి పదిహేను లీటర్ల గ్రేవీని నేనే పోసి మన్ను కప్పాను. అంతసేపూ ఆమె గడపలో నిలబడి చూసింది. నీళ్ల బిందె కూడా కింద పోయనివ్వని ఇల్లు మాది.

అప్పటికి ఏడు. పన్నెండున్నరకు వడ్డన. ఇంట్లో కిలో ఉల్లిపాయలు కూడా లేవు. మా ఆయన బజారుకు పరిగెత్తాడు. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు కత్తిపీటలు తెచ్చుకుని కూర్చున్నారు. జీడిపప్పు అయిపోయింది కనుక మా పత్తికొండలో బుడ్డలనే వేరుశనగ గింజలు వేయించి పొట్టు తీసి వేశాను. జల్లెడ పట్టే తీరిక లేదు. వెంటనే కూరలోకి పోతుంది కనుక ఈసారి చల్లార్చే గొడవ లేదు. అత్త నాకు వీపు పెట్టి కూర్చుంది. కానీ వెల్లుల్లి అంతా ఆమే ఒలిచింది.

పదకొండు నుంచి బంధువులు రావడం మొదలైంది. గేటు దగ్గరే అత్త అందరికీ కథ చెప్పసాగింది.

"నేను మూత పెట్టినానని దబరాడు పారబోసిందక్కా! ఏం సదువులో ఏమో. ఇంగ మాయింట్లో మూతలన్నీ పాతసామాన్లోడికి ఏసేయాల్సిందే."

విన్నవాళ్లు నవ్వారు. నేను పొయ్యి ముందు నిలబడి ఆ నవ్వులు లెక్కపెట్టుకుంటున్నాను. భోజనాల దగ్గర కమలాపురం నుంచి వచ్చిన మా ఆయన మేనత్త ముక్క కొరికి నన్ను పిలిచింది.

"ఏమ్మే, హోటల్లో ఆరేండ్లు సేసినావంట. ఇది అచ్చం మాయింటి కూర మాదిరే ఉండాదే!"

"బుడ్డలు వేసినాను, పెద్దమ్మా."

"అదే కదా! మరి హోటలోళ్లు నీకేం నేర్పిచ్చినట్టు?"

పంక్తి మొత్తం నవ్వింది, మా అత్త అందరికంటే గట్టిగా. అరవై మందీ తిన్నారు. ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడ్డాను. ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ పని గురించి నాకు అప్పుడు తెలిసినవి రెండు విషయాలు. మొదటిది, బేసిన్ల మీద మూత పెట్టొద్దని నేను ఎవరికీ చెప్పలేదు. హోటల్లో చెప్పాల్సిన అవసరం లేదు. పై హోదా వాళ్లు ఏం చేస్తే కింది వాళ్లు అదే చేస్తారు, ఎందుకని అడగరు. నేనూ మొదటి రెండేళ్లు కారణం తెలియకుండానే ట్రేలు తెరిచి ఉంచాను. ఇంట్లో హోదాలు ఉండవు. తిండిని తెరిచి పెట్టకూడదని నలభై ఏళ్లుగా పాటిస్తున్న మనిషి ముందు తిండిని తెరిచి పెట్టి, కారణం చెప్పకుండా నిద్రపోయాను. ఆమె తన పద్ధతి ప్రకారం సరిగ్గానే చేసింది.

రెండోది, ఆ గ్రేవీ నిజంగా చెడిపోయిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. బాగానే ఉండిందని మా అత్త ఇప్పటికీ అంటుంది. అది తప్పని చూపించడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు. ఈ పనిలో జాగ్రత్త పడినందుకు రుజువు మిగలదు, పడనందుకే మిగులుతుంది.