ఊరి పేరు మీద జమానత్

మా ఊళ్లో కిరాయి సైకిల్ గంటసేపు తీసుకోవాలన్నా జమానత్ కావాలి. సైకిల్ దుకాణం వాడికి మా నాన్న తెలుసు, మా తాత తెలుసు, నేను పుట్టినప్పుడు మా ఇంట్లో పంచిన పేడాల రుచి కూడా తెలుసు. అయినా "ఎవలు పూచీ?" అని అడగకుండా తాళం చేతికిచ్చేవాడు కాదు. పక్క కిరాణా కొట్టాయన గద్దె మీదనుంచి తలూపితేనే సైకిల్ గోడ విడిచి వచ్చేది. ఆ సైకిల్‌కు బ్రేకులుండేవి కావు, గంట ఉండేది కాదు. జమానత్ మాత్రం ఉండేది.

అంత జాగ్రత్త గల ఊరికి ఒక మున్సిపాల్టి ఉండేది. నేను అందులో గుమాస్తాను. నాందేడ్ జిల్లాలో, ముద్ఖేడ్ దగ్గర బండి మారి వెళ్లాల్సిన ఊరు. పేరు చెప్పను. చెబితే ఊరివాళ్లకు కోపం, చెప్పకపోతే పక్క ఊళ్లవాళ్లకు అనుమానం. కోపాన్ని భరించే వయసు దాటిపోయింది కాబట్టి అనుమానంతోనే సరిపెడుతున్నాను.

డెబ్బైల నాటి పెద్ద కరువు వచ్చిపోయి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. సభలో చేసే తీర్మానాన్ని మా కచేరిలో మరాఠీ వాడుక ప్రకారం ఠరావు అంటారు. ఠరావులు రాయడం నా పని. సభ అయ్యాక రాస్తాననుకునేరు. ముందురోజే రాసిపెట్టేవాణ్ని. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు అన్నచోట ఖాళీ వదిలి, కింద "సర్వానుమతితో మంజూరు" అని వయ్యారంగా చుట్టేవాణ్ని. నా దస్తూరీని అందరూ మెచ్చుకునేవారు. మాట నిలువుగా లేని పెద్దలకు అక్షరాలైనా నిలువుగా ఉండాలి కదా. మర్నాడు సభ్యులు వచ్చేవారు, అధ్యక్షుడు "మంజూర్?" అనేవాడు, బల్లలు చరిచేవారు, కారం అటుకుల చివ్డా పొట్లాలు వచ్చేవి. బల్లకూ చివ్డాకూ నడుమ ఆలోచన అనేదొకటి దూరవచ్చని ఎవరికీ తట్టలేదు. వాళ్లు సభకు వచ్చేవారు కాబట్టి సభ్యులు. సభ్యత వచ్చేదా అని అడగకండి, హాజరు పుస్తకంలో దానికి గడి లేదు.

అట్లాంటి సభకు ఒకరోజు నూనె మిల్లు వచ్చింది. మిల్లు అంటే మిల్లు కాదు, మిల్లు పెడతామనే సంఘం. హిమాయత్‌నగర్ దారిలో ఎక్కడో కర్డి, అంటే కుసుమ గింజల నుంచి నూనె తీస్తారట. మా ఊరివాడొక్కడూ దాంట్లో సభ్యుడు కాదు. మా రైతుల గింజ ఒక్కటీ అక్కడికి పోదు. బ్యాంకువాళ్లు అప్పివ్వడానికి గట్టి జామీనుదారు కావాలన్నారట. ఊళ్లోకొచ్చే సరుకు మీద పన్ను వసూలు చేసే జకాత్ నాకాల మీద రోజూ పైసలు రాలే మా మున్సిపాల్టి కంటే గట్టివాడెవడు? పైగా సంఘం చేర్మన్, మా అధ్యక్షుడికి వియ్యంకుడు. నిబంధనలు బంధువులకు వర్తిస్తాయని మా కచేరిలో అనుకోవడం కూడా అమర్యాద.

"గుమాస్తా సాబ్, ఒక ఠరావు రాయాలె" అన్నాడు అధ్యక్షుడు. నన్ను సాబ్ అన్నాడంటే పని మంచిది కాదని అర్థం.

నిబంధనల పుస్తకం ఎండిన సిరాబుడ్డి కింద ఉండేది. తీసి దుమ్ము దులిపాను. బయటి సంస్థ అప్పుకు ఊరు పూచీ పడాలంటే, ఆ సంస్థ వల్ల ఈ ఊరికి ఏం ఒరుగుతుందో రాయాలి. దాని లెక్కలు తెలిసినవాడెవడైనా చూడాలి. వచ్చినవాళ్లలో సగం చేతులెత్తితే చాలదు, మొత్తం సభ్యుల్లో నిర్ణయించినన్ని చేతులు లేవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చివర ఉంది. పూచీ పడ్డ మొత్తాన్ని ఊరి సొంత బాకీ కిందే లెక్కగడతారు. ఊరు ఎంతవరకు బాకీ పడవచ్చో దానికొక హద్దు ఉంది. మిల్లుకు పూచీ పడితే ఆ హద్దు నిండిపోతుంది. మళ్లీ మున్సిపాల్టి తన కోసం అప్పు అడగాలంటే చోటుండదు.

ఆ చోటు కోసం ఎదురుచూస్తున్నది మా గల్లీ నల్లా.

మా గల్లీలో ఎక్కువ తెలుగువాళ్లం, చిన్న చిన్న దుకాణాల వాళ్లం. ఒక్క బావి. నీళ్లు ఉప్పన. ఆ నీళ్లతో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తాగితే దాహం తీరదు. మంచినీళ్లకు ఆడవాళ్లు రైలు పట్టాలు దాటి స్టేషన్ నల్లా దగ్గర నిలబడేవారు. మా గల్లీకి పైపు వేయడానికి అప్పు కావాలని మున్సిపాల్టి నుంచి నాందేడ్‌కు కాయితాలు పోయి ఉన్నాయి. అవి కూడా నా దస్తూరీలోనే.

"ఇది చేస్తే నల్లా పైపు ఆగుతది సాబ్" అన్నాను.

"ఎందుకాగుతది? మనం పైసలిస్తున్నమా? జమానతిస్తున్నం. జమానతంటే ఏందనుకున్నవ్, సంతకం. సంతకానికి సిరా ఖర్చు."

"మిల్లోళ్లు కట్టకపోతే?"

"నువ్వు గుమాస్తవా, జోతిష్యుడివా?"

రెండిట్లోనూ జీతం తక్కువే అన్నాను. ఆయన నవ్వలేదు. జవాబుదారీ అని రోజూ ఉపన్యాసాల్లో చెప్పే మనిషి, ఆ రోజు నాకు జవాబూ ఇవ్వలేదు, దారీ ఇవ్వలేదు. పోయి ఠరావు రాశాను.

సభలో ఆడవాళ్లకని పెట్టిన సీటులో మా పెద్దమ్మ ఉండేది, మా అమ్మకు అక్క. బజార్లో పసుపు, కుంకుమ, అగరబత్తుల దుకాణం. పెదనాయన పోయినప్పటినుంచీ దాని గల్లాపెట్టె ముందు ఆమే. మా గల్లీ ఓట్ల కోసం అధ్యక్షుడే ఆమెను నిలబెట్టాడు. ఎన్నికలప్పుడు ఊళ్లో నడివయసు దాటిన ఆడవాళ్లంతా ఆయనకు పెద్దమ్మలే. సొంత పెద్దమ్మ గల నాకు అది కొంచెం కష్టంగా ఉండేది. ఆమె నిలబడింది ఒక్క నల్లా కోసం. సభకు పత్తి తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని వత్తులు చేసుకుంటూ కూర్చునేది. బల్ల చరచాలంటే చేతులు ఖాళీ ఉండాలి కదా.

ఆ రాత్రి పెద్దమ్మ ఇంట్లో అన్నం తింటూ సంగతి చెప్పాను.

"మన పైపు బాకీ, మిల్లోళ్ల బాకీ ఒక్కదాంట్లనే అస్తదా?" అంది.

"ఒక్కదాంట్లనే పెద్దమ్మా. ఆళ్లది నిండినంక మనకు జాగ ఉండది."

"మరి నువ్వు రాసినవా?"

"నేను రాసుడే. చెయ్యెత్తేది మీరు."

"మంచిగ నేర్చుకున్నవ్ కొడుకా కచేరి మాటలు" అని మజ్జిగ వడ్డించింది. మజ్జిగలో కూడా ఆ బావి ఉప్పు తగిలింది.

మర్నాడు అధ్యక్షుడు ఠరావు చదివించాడు. పారిశుద్ధ్యం కాంట్రాక్టు మీద అలిగి ఎదుటి పార్టీవాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. అంటే వచ్చినవాళ్లందరి చేతులూ లేవాలి, ఒక్కటి తగ్గినా లెక్క సరిపోదు. "మంజూర్?" అన్నాడు. బల్లలు మోగాయి. పెద్దమ్మ వత్తులు పక్కన పెట్టింది.

"జమానత్ అడుగుతున్నదెవలు?"

"మిల్లు సంఘం, పెద్దమ్మా."

"సంఘానికి నోరుంటదా? మనిషెవలు?"

"చేర్మన్ సాబ్. శాన పెద్దమనిషి."

"పెద్దమనిషైతే ఇంటికి రమ్మను. జమానత్ ఇంట్ల అడుగుతరు గని కచేరిల అడుగరు. గల్లీ పేరు మీద అడిగెటోడు గల్లీకి రావాలె."

ఇది మా బజారు పద్ధతి. పూచీ కావలసినవాడు దుకాణానికి పోడు, ఇంటికి పోతాడు. ఇంటి ఆడవాళ్ల ముందు కింద కూర్చుని అడగాలి. రేపు వాడు ఎగ్గొడితే అమ్ముడుపోయేది వాళ్ల గిన్నెలే కాబట్టి. అడిగేముందు ఆ ఇంటి మంచినీళ్లు తాగాలి. తాగి మాట్లాడితే ఆ ఇంటివాడిగా మాట్లాడినట్టు. ఇంటివాళ్లకు ఇష్టం లేకపోతే నీళ్లివ్వరు, నేరుగా చాయ్ తెస్తారు. చాయ్ వచ్చిందంటే "కాదు" అని. వచ్చినవాడు గుటుక్కున తాగి, ఎండల సంగతి మాట్లాడి, లేచిపోతాడు. ఇరువైపులా పరువు దక్కుతుంది. బజార్లో ఎన్నో స్నేహాలను చాయే కాపాడింది.

అధ్యక్షుడికి ఇదంతా తెలుసు. ఆయనా ఆ బజారులో పెరిగినవాడే. చెయ్యి కావాలి కాబట్టి ఒప్పుకున్నాడు. సభ వాయిదా పడింది. "సర్వానుమతితో" అని వయ్యారాలు పోయిన నా కాయితం చివ్డా కట్టడానికి పనికొచ్చింది. నా రాతలు జనంలోకి పోవడం అదే మొదలు.

చేర్మన్ జీపులో వచ్చాడు. మాటకు తెలుగువాడే గానీ, తాతల కాలంలోనే పర్భణి దిక్కు పోయి స్థిరపడ్డ కుటుంబం. ఇస్త్రీ నలగని తెల్ల లాల్చీ. మా గల్లీ మోరీ ఎండాకాలమైనా పారుతుంది. దాన్ని దాటేటప్పుడు పంచె పైకి పట్టుకుని ఆయన వేసిన అడుగులు చూసి పిల్లలు చాలా రోజులు అట్లా నడిచి ఆడుకున్నారు. పెద్దమ్మ ఇంటి అరుగు మీద, గడపలో, లోపల గల్లీ ఆడవాళ్లంతా కూర్చున్నారు. కింద చాప వేశాం. ఆయన చాపను చూసి, అధ్యక్షుణ్ని చూసి, కుర్చీ ఏదన్నట్టు నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. కూర్చున్నాడు.

పెద్దమ్మ రాగి చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. స్టేషన్ నీళ్లు కావు, బావి నీళ్లే. ఆమె మనసులో అప్పటిదాకా కాదని లేదు. నీళ్లు పెట్టిందంటే అడగనిస్తానని.

చేర్మన్ చెంబులోకి తొంగిచూశాడు. వేలితో అంచు తాకి, పక్కకు జరిపాడు.

"నీళ్లు తాగున్రి సాబ్" అన్నాడు అధ్యక్షుడు మెల్లగా.

"డాక్టరు బయటి నీళ్లు వద్దన్నడు."

"ఒక్క గుటికెడు తాగున్రి."

"మీకు తెల్వది బావగారూ, నా కడుపు సున్నితం. అమ్మా, నీళ్లొద్దు గని, ఒక కప్పు చాయ్ దొరుకుతదా? జర షక్కర ఎక్కువెయ్యి."

గడపలో కూర్చున్న ఒక ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అధ్యక్షుడు కళ్లు మూసుకున్నాడు. నా ఉద్యోగ జీవితంలో ఎందరో కాదనిపించుకోవడం చూశాను. నోరారా అడిగి, చక్కెర ఎక్కువ వేయించుకుని మరీ కాదనిపించుకున్నవాణ్ని ఆయన్నొక్కణ్నే చూశాను.

"ఎందుకు దొరకది, తెస్తం" అంది పెద్దమ్మ.

చాయ్ వచ్చేలోగా ఆయన ప్రగతి గురించి మాట్లాడాడు, సహకారం గురించి మాట్లాడాడు. ఒకావిడ అడిగింది, "మీ మిల్లు నడువకపోతే ఎట్లన్నా?"

"నడువక ఎక్కడికి పోతది తల్లీ."

"నడువకనే ఉంటె ఎక్కడికి పోతదన్నా, ఆణ్నే ఉంటది. బ్యాంకోడు మా దగ్గరికి అస్తడు."

"గా లెక్కలు మీకు తెల్వయి. పెద్దోళ్లం మేమున్నం."

"మీరు నీళ్లే తాగలే" అందామె, అంతే.

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. చాయ్ తాగి "మస్తుంది" అన్నాడు. పెద్దమ్మ ఎండల సంగతి ఎత్తింది. సంతోషంగా జీపెక్కి, పని అయిపోయిందని వియ్యంకుడి భుజం తట్టాడు. తట్టించుకుంటున్న అధ్యక్షుడి ముఖం చూసి నాకు ఒక్క నిమిషం జాలి వేసింది. ఎక్కువసేపు నిలవలేదు.

మళ్లీ సభ పెట్టారు. ఈసారి ముందు ఠరావు రాయలేదు, కాయితం వృథా అని. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. ఎవడికీ మిల్లు ఎక్కడుందో తెలియదు, ఎంత అప్పో తెలియదు. ఒకాయన నిద్రలో నుంచి లేచి ఎత్తాడు, దించడం మర్చిపోయాడు. పెద్దమ్మ వత్తి పేనుతూనే ఉంది.

"ఆయన ఇంటికొచ్చిండు గదా పెద్దమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"అచ్చిండు. చాయ్ అడిగిండు. ఇచ్చినం."

"అది తెల్వక అడిగిండు."

"తెల్వకుంటనే జమానత్ గూడ అడిగిండు బిడ్డా. మన నీళ్లు గుటికెడు దిగనోనికి, మన నల్లా ఆపి నేను చెయ్యెట్ల ఎత్తాలె?"

ఒక్క చెయ్యి తగ్గి జమానత్ పడిపోయింది. నేను పుస్తకంలో "నామంజూరు" అని రాశాను. అలవాటు లేని మాట. అక్షరాలు కొంచెం వంకర పోయాయి.

నల్లా మర్నాడే వచ్చిందని చెప్పాలని ఉంది. రాలేదు. పైపు అప్పు మంజూరైంది, పైపులూ వచ్చాయి. అధ్యక్షుడు వాటిని ముందు తన ఇంటి దిక్కు తిప్పాడు, తర్వాత తనకు బల్ల చరిచినవాళ్ల ఇళ్ల దిక్కు. పైపు ఎంత వంగితే ఊరిని ఒక చుట్టు చుట్టి వస్తుందో నాకు అప్పుడు తెలిసింది. పెద్దమ్మకు మరుసటి ఎన్నికలో సీటు లేదు. మా గల్లీకి నీళ్లు ఆ అధ్యక్షుడు దిగిపోయాకనే వచ్చాయి.

ఈలోగా చేర్మన్ ఇంకో ఊరి సభను పట్టాడు. అక్కడ కుర్చీ ఉంది, ఎవరూ నీళ్లు పెట్టలేదు, బల్లలు బాగా మోగాయట. మిల్లు రెండు ఎండాకాలాలు కూడా నడవలేదు. బ్యాంకు ఆ ఊరి జకాత్ మీద పడింది, ఊడ్చేవాళ్ల జీతాలు ఆగాయి, ఇంటిపట్టీ, అదే ఇంటిపన్ను, పెరిగింది.

ఆ వార్త పట్టుకుని నేను పరుగున పెద్దమ్మ దగ్గరికి పోయాను. అప్పటికి మా గల్లీకీ నల్లా పడింది. తెల్లారి నీళ్లు వచ్చే వేళ. వాకిట్లో సన్నటి ధార కింద బిందె పెట్టుకుని కూర్చుంది. ఆ సభవాళ్లు చేర్మన్‌కు ఎట్లా పూలదండ వేశారో, ఇప్పుడెట్లా మొహాలు దాచుకుంటున్నారో నటించి చూపించాను. నా నటన మీద నాకే నవ్వొచ్చింది.

ఆమె నవ్వలేదు.

"పట్టీ ఎవలు కడుతున్నరు? చేతులెత్తినోళ్లా?"

"ఊరంత కడుతుండ్రు."

"ఆ ఊర్లె ఆడోళ్లను ఎవలన్న అడిగిండ్రా?"

"ఎవలడుగుతరు పెద్దమ్మా."

"మరి నీకెందుకు నవ్వస్తుంది?" అంది. బిందె నిండి పొర్లుతుంటే, "అది జరిపి ఇంకోటి పెట్టు. జల్దీ పోతయి నీళ్లు" అంది. జరిపి పెట్టాను.