జెల్లు పాలైన మీసం

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, ఆ మాటకొస్తే మీసం కూడా దాదాపు కొత్తే. మైదుకూరులో పుట్టి పెరిగిన నన్ను డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీ వాళ్లు తీసుకొచ్చి కోడుమూరులో పడేశారు. పిండిమిల్లు మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దంతా చేలవెంట తిరిగి, సాయంత్రం గదికొచ్చి తలుపు వేసుకుంటే, మర్నాడు మెస్సులో "ఇంగో ఇడ్లీ ఎయ్యల్నా?" అనే మాట వినేదాకా నాతో మాట్లాడే మనిషి లేడు. (రైతులతో మాట్లాడేవాడివి కదా అంటారేమో. పైపుల గురించి మాట్లాడితే మాటల ఆకలి తీరదండీ.) ఇంటికి ఫోను చేసినప్పుడు "బాగుండా" అనేవాణ్ణి. బాగాలేనంటే మా నాయన తర్వాతి బస్సుకే వచ్చేసే రకం. నా గొంతు నేనైనా విందామని గదిలో కనిపించిందల్లా పైకి చదివేవాణ్ణి. క్యాలెండరులో వర్జ్యం, బిస్కెట్ పొట్లం వెనక రాతలు, ఏదైనా సరే. తప్పు ఊరివాళ్లది కాదు. ముందుగా పలకరించడానికి నాకే నోరు పెగిలేది కాదు.

ఉద్యోగానికి బయలుదేరేటప్పుడు మా నాయన తన పాత స్టీలు రేజరు నా చేతిలో పెట్టాడు. రెండువైపులా పదునున్న బ్లేడును మధ్యలో పెట్టి బిగించే రకం. "సబ్బూ బ్రష్షూ గూడా తీస్కపోరా" అన్నాడు. సబ్బు ముసలివాళ్ల సరుకని నా అభిప్రాయం. కర్నూలుకు పోయినప్పుడు నీలం రంగు షేవింగ్ జెల్లు ట్యూబు ఒకటి కొనుక్కున్నాను. ఒక సోమవారం ఆఫీసుకు పెద్దసార్లు వస్తున్నారు, నీటుగా రావాలన్నారు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, వేలిగోరంత చాలని ట్యూబు మీద రాసి ఉన్నా, గుప్పెడు పిండుకుని గోడకు సున్నం పట్టించినట్టు పట్టించాను. ఆ నురగలో గడ్డమేదో మీసమేదో తెలియలేదు. రెండు గీతలు గీసేసరికి రేజరు సందుల నిండా జెల్లు ఇరుక్కుపోయి బ్లేడు తెగడం మానేసింది. తెగడం లేదని గట్టిగా అదిమాను. పిడికీ జెల్లు, వేళ్లకీ జెల్లు. రేజరు చేతిలోంచి జారి, చెంప మీదుగా పోయి ఎడమవైపు మీసంలో సగాన్ని తీసుకుని బయటపడింది. దానికి సమానం చేద్దామని కుడివైపు కొంత తీశాను. అది ఎక్కువైంది. మళ్లీ ఎడమవైపు తగ్గించాను. ఇలా న్యాయం చేసుకుంటూ పోతే చివరికి ముక్కు కింద ఈగ వాలినంత మిగిలింది. దాన్ని కూడా గీసేశాను.

అంతకుముందు వారమంతా పని మీద ఆదోని వైపు తిరిగాను. ఎండకు తాళలేక అక్కడే మిషన్ కటింగ్ కొట్టించుకుని ఆదివారం సాయంత్రం వచ్చాను. తలమీద జుట్టు లేదు, మూతిమీద మీసం లేదు. మా వైపు తండ్రి పోతే కొడుకు అట్లా అవుతాడు. ఆ సంగతి గుర్తొచ్చేసరికి నేను మెస్సు గడప దాటేశాను.

మెస్సు నడిపే అక్క నన్ను చూసి గరిటె కింద పెట్టేసింది. "అయ్యో ప్రభువా! వారం దినాలు యాడికి పోయినాడో అనుకుంటాంటి. ఏమప్పా... మీ నాయన గాని...?" అంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. మూడు నెలల్లో నన్ను ఒక మనిషి ముట్టుకోవడం అదే మొదటిసారి. జెల్లు అని చెప్పబోయాను. "జె" దగ్గరే మాట ఆగిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏం జెప్పొద్దులే నాయనా, కూసో" అంది అక్క. (మా నాయన పోయాడని నా నోటితో నేను అనలేదు. ఇప్పటికీ నా వాదన అదే.)

ఆఫీసులో జరిగింది చెప్తే పడీపడీ నవ్వారు. సాయంత్రం అక్కకు కూడా చెప్పేద్దామనుకుంటూ గదికొచ్చాను. అంతలో మిల్లు పెద్దాయన, ఎప్పుడూ మెట్లెక్కనివాడు, మెస్సులో సంగతి విన్నాడేమో, మోకాళ్లు పట్టుకుంటూ పైకొచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. "మా నాయన పోయినప్పుడు నాకూ నీ వయసేనప్పా" అని మొదలుపెట్టి, వాళ్ల నాయన గొర్రెల్ని ఎట్లా తోలుకొచ్చేవాడో, కొడుకుతో పులిజూదం ఆడి కావాలనే ఎట్లా ఓడిపోయేవాడో గంటసేపు చెప్పాడు. నేను ఊ కొడుతూ విన్నాను. మధ్యలో ఆపి నిజం చెబితే లేచి వెళ్లిపోతాడని ఆపలేదు. మర్నాడు కింద నుంచి జొన్నరొట్టె వచ్చింది. ఆ మర్నాడు అక్క, "నీకోసం చర్చిలో ప్రార్థన చేపిచ్చినా" అంది. తింటున్నంతసేపూ మా నాయనే గుర్తొచ్చేవాడు. గదికొచ్చి ఇంటికి ఫోను చేసేవాణ్ణి. "నాయనా, బాగుండావా?" "నాకేమైతాదిరా? పొద్దన్నే గదా అడిగితివి?" ఇట్లా రోజుకు రెండు మూడుసార్లు.

అన్నిసార్లు అడిగితే ఏ తండ్రైనా ఊరుకుంటాడా? గురువారం మధ్యాహ్నం మా నాయన బస్సు దిగి నేరుగా పిండిమిల్లుకు వచ్చాడట. నేనప్పుడు మెస్సులో ఉన్నాను. "డ్రిప్పు కంపెనీ పిల్లోడు ఈడనేనా ఉండేది?" అని అడిగితే, మిల్లు పెద్దాయన "పైనేనప్పా. పాపం, శానా దిగులుగా ఉండాడు. నువ్వేమైతావు?" అన్నాడట. "వాళ్ల నాయన్ని." పెద్దాయన ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఏ నాయన?" అన్నాడట.

ఇద్దరూ కలిసి మెస్సుకు వచ్చారు. నేను పెరుగన్నం ముందు కూర్చుని ఉన్నాను. మా నాయన నా తల చూశాడు, మూతి చూశాడు. "సబ్బు తీస్కపొమ్మంటి గదరా" అన్నాడు. అంతే, నేను భోరుమన్నాను. ఏడుస్తూనే జెల్లు దగ్గర్నుంచి జొన్నరొట్టె దాకా మొత్తం చెప్పేశాను. అక్క ముఖం ఎర్రబడింది. "బతికుండే మనిషికి నాతో ప్రార్థన చేపిస్తివి గదప్పా! దేవునికి నేనేం జెప్పాల?" మా నాయన అక్క వైపు తిరిగి చేతులు జోడించి, "నీ ప్రార్థన శానా గట్టిదమ్మా. సూడు, లేసొచ్చినా" అన్నాడు. అక్క నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఇంకో విస్తరి తెచ్చి మా నాయన ముందు వేసింది.

ఆ మర్నాడు పొద్దున మా నాయన నన్ను అద్దం ముందు నిలబెట్టి, అదే జెల్లు బొట్టంత తీసి తడిచేతులతో పల్చగా రుద్దించాడు. "అదమాకు. రేజరు బరువుకే తెగుతాది. ఒక గీత గీస్తానే నీళ్లలో ముంచు" అన్నాడు. అద్దంలో నన్నే చూస్తూ, "ఇంత దిగులుగా ఉంటే నాకేంటికి జెప్పల్యా?" అన్నాడు. నేను రేజరు నీళ్లలో ముంచాను.

ఆయన్ని బస్సెక్కించి మిల్లు ముందునుంచి తలవంచుకుని పోతున్నాను. పెద్దాయన పిలిచాడు. తిడతాడనుకున్నాను. "మాట్లాడే దానికి ఎవురో ఒగరు సావాల్నా అప్పా? ఊరికే రా. కూసో" అన్నాడు. కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, ఈ మిల్లు గంటకు ఎన్ని బస్తాలు ఆడిస్తుంది అని అడిగాను. ఆయన పకపకా నవ్వాడు. కోడుమూరులో ఉన్న మిగతా ఏడాదిన్నరా నా సాయంత్రాలు ఆ మిల్లు అరుగు మీదే గడిచాయి.

ఇప్పుడు కడపలో ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంటున్నాను. నలభైకి దగ్గరపడ్డాను, పదిమందికి పని చెప్పే ఉద్యోగం. పక్కింటాయన లిఫ్టులో ఎదురైనప్పుడల్లా ఈరోజు నేనే ముందు పలకరిద్దామనుకుంటాను. మొదటి అంతస్తులో ఒక మాట ఎంచుకుంటాను, రెండో అంతస్తులో దాన్ని మారుస్తాను, మూడో అంతస్తులో గొంతు సవరించుకుంటాను. అంతలో నాలుగోది వచ్చేస్తుంది. తలుపు తెరుచుకున్నాక మాత్రం ఇద్దరం ఒకరినొకరు చూసి బాగానే నవ్వుకుంటాం.