తోడల్లుడు వెనకాలే వచ్చిన పందెం

ఆ ఆదివారం పొద్దున్నే పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. సైకిల్ పందెం మొదలయ్యే గీత దగ్గర తోడల్లుడు నవ్వుకుంటూ వచ్చి పక్కనే నిలబడ్డాడు మరి. మామగారింట్లో ఆ నవ్వుకే అందరూ పడిపోతారు. "మా చిన్నల్లుడు బంగారం" అంటుంది అత్తగారు. బంగారమే, కాదన్నదెవరు? దాచుకుని చూసుకోవాలే గాని పనికి వాడకూడదు. మామగారి కొత్త ఫ్రిజ్‌ను రెండంతస్తులు మోయాల్సి వచ్చిన రోజు ఇతగాడికి నడుం పట్టేసింది. సాయంత్రానికి అందులోంచి మొదటి చల్లనీళ్ళ సీసా తీసింది మాత్రం ఇతగాడే. పరుపుల దుకాణం కూడా పేరుకే ఇతనిది. తెరిచేది, మూసేది, బేరాలాడేది, పరుపులు బండికి ఎత్తించేది అంతా మరదలు. దుకాణం నోరు తెరుచుకుని అన్నిటికీ ఆమె వంకే చూస్తుంటే, ఈయన తేలికపాటి ఖరీదైన సైకిలెక్కి గాలికి తిరుగుతుంటాడు.

పెద్దల్లుడు కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, మైనంలో పళ్ళు పేర్చడం, అరగదీసి నునుపు చేయడం. రోజంతా వంగి కూర్చునే పని. ఆ వంగిన నడుముకు సైకిలే మందు. ఏటా ఈ పందెంలో దిగుతాడు. రెండోవాడిగా వచ్చాడు, మూడోవాడిగా వచ్చాడు, ఒకసారి గుంటలో పడి వచ్చాడు. మొదటివాడిగా ఎన్నడూ రాలేదు. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది, పెద్దల విభాగంలోకి నెట్టేస్తారు. అక్కడ దూరం సగమే. కుర్రాళ్ళందరితో కలిసి తొక్కి, అందరికంటే ముందు గీత దాటాలంటే ఇదే ఆఖరు. ఆ మాట భార్యతో కూడా అన్నాడు.

కొండ మీదికి ఎక్కే దగ్గర పెద్దల్లుడు కసిగా తొక్కాడు. గుంపు విడిపోయింది. పైకి చేరి వెనక్కి చూస్తే వెంట ఒక్కడే మిగిలాడు. ఎవరో చెప్పక్కర్లేదు.

ఇక కొండ దిగాక తిరుగు దారంతా చదును, ఎదురుగాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, వాడి చక్రానికి ఆనుకుని వచ్చేవాడికి సగం కష్టం తగ్గిపోతుంది. అందుకే ఇద్దరు విడిగా దూసుకొస్తే వంతులేసుకోవడం మర్యాద. కాసేపు నువ్వు, కాసేపు నేను. పెద్దల్లుడు తన వంతు తొక్కి పక్కకి జరిగి చెయ్యి ఊపాడు.

"అన్నయ్యా, కుడి మోకాలు పట్టేసింది," అన్నాడు తోడల్లుడు. "నువ్వు లాగు. గీత దగ్గర నువ్వే ముందు, ఒట్టు. నాకు రెండోదైనా చాలు."

పెద్దల్లుడు లాగాడు. ఏం చేస్తాడు, ఆగితే వెనక గుంపు అందుకుంటుంది. గాలి మొహాన కొడుతోంది, తొడలు మండుతున్నాయి. పళ్ళు చేసేవాడు తన పళ్ళే నూరుకుంటూ తొక్కాడు. పక్కన రోడ్డు మీద ఇద్దరి నీడలూ పరుగెడుతున్నాయి. ఒక నీడ వంగి చస్తోంది. రెండోది హాయిగా నిటారుగా కూర్చుని నీళ్ళు తాగుతోంది, ఫొటోలు తీసే మోటార్ సైకిల్‌కి చెయ్యి కూడా ఊపుతోంది.

ఊరి ఇళ్ళు కనిపించగానే వెనక టక్కుమని చప్పుడైంది, మళ్ళీ ఇంకోటి. తోడల్లుడు గేరు బిగిస్తున్నాడు. మోకాలు పట్టేసినవాడు చివర్లో బరువు గేరు వేసుకోడు. గీత ముందు పక్కనుంచి దూకేవాడే వేసుకుంటాడు.

పెద్దల్లుడు తొక్కడం ఆపేశాడు.

కావాలనే, రెండు కాళ్ళూ ఆపేశాడు. బ్రేకు మీద చెయ్యి వేశాడు. సైకిలు నడకలోకి వచ్చేసింది.

"ఏమైందన్నయ్యా? పంక్చరా?"

"నీ వంతు. ముందుకు పో."

"ఇప్పుడు వంతులేంటి! వెనక వాళ్ళొచ్చేస్తున్నారు!"

"రానీ."

తోడల్లుడు ముందుకు పోతే గెలిచేవాడేమో. పోలేదు. ఆ ఎదురుగాలిలోకి ఒంటరిగా పోవడం అతని ఒంటికి తెలియదు. పెద్దల్లుడు రోడ్డుకి ఎడమకి జరిగితే అతనూ ఎడమకి, కుడికి జరిగితే కుడికి. అలా ఇద్దరూ తప్పతాగినవాళ్ళలా ఊగుతుండగా గుంపు హోరున వచ్చి ఇద్దర్నీ దాటి వెళ్ళిపోయింది. ఎవరో బడిపంతులు గెలిచాడు. పెద్దల్లుడు ఎక్కడో మధ్యలో గీత దాటాడు, తోడల్లుడు అతని వెనకాలే.

సైకిళ్ళు నిలిపే చోట తోడల్లుడు అందరి ముందూ గొంతు చించుకున్నాడు. "బుద్ధుందా నీకు? గెలిచిన పందేన్ని చేజేతులా తగలేశావు!"

"గెలిచేదెవరురా?" అని పెద్దల్లుడు అరిచిన అరుపుకి పక్కవాళ్ళు తిరిగి చూశారు. "చెప్పు, ఎవరు గెలిచేవాళ్ళు? నీ నోటితో చెప్పు!"

తోడల్లుడు వంగి మోకాలు రుద్దుకున్నాడు, అదీ ఎడమ మోకాలు.

ఇంటికొచ్చాక కోపం చల్లారకపోగా ఇల్లంతా పాకింది. బూట్లు గోడకేసి కొట్టాడు. ఆఖరి అవకాశం, దాన్ని తనే తన కాళ్ళతో ఆపుకున్నాడు. తోడల్లుడి మీద ఎంత మండిందో తన మీదా అంతే మండింది. "మా నాన్న అడిగితే ఏం చెప్పను?" అంది భార్య. "మీ అల్లుళ్ళిద్దరూ వెధవలని చెప్పు," అన్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. మరదలు. మొగుడి తరఫున దులిపేయడానికే చేసి ఉంటుందనుకుని, తనూ దులిపేయడానికి సిద్ధపడ్డాడు.

"బావా, ఆయన దుకాణానికొచ్చి ఒకటే తిట్లు," అంది. "పక్కనే గెలుపు పెట్టుకుని నువ్వు తొక్కడం మానేశావట. నిజమేనా?"

"నిజమే. అయితే ఏంటి?"

ఫోన్‌కి అవతల దుకాణంలో ఎవరో పరుపు ధర అడుగుతున్నారు. ఆమె వాళ్ళకి జవాబివ్వలేదు.

"తిట్టడానికి కాదు బావా. తెలుసుకుందామని. అన్నేళ్ళు లాగడం అలవాటైన కాళ్ళు కదా, ఎలా ఆపావు?"

పెద్దల్లుడి నోట్లో సిద్ధంగా ఉన్న తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి. తను లాగింది ఒక్క పూటే, ఏళ్ళ తరబడి కాదు.

"చాలా కష్టమైందమ్మా," అన్నాడు. "ఇంకా ఏడుపొస్తోంది. కానీ ఆపితే ఆగాయి."