బొగ్గు కింది మంచు

కోర్ షెడ్డు పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు కొత్తగూడెం బస్టాండులో తెలిసింది. ఒకప్పుడు మా క్యాంపులో డ్రిల్లరుగా పనిచేసినాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"సారూ, మీకెరికేనా? పెద్దమ్మ పోయింది. నిన్ననే దినం చేసిన్రు."

"ఏమైంది?"

"జరమొచ్చింది. అశ్వారావుపేట దవాఖానాకు తీస్కపోయిన్రు. రెండు రోజులే."

నేనెక్కవలసిన బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరం బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆమె గురించే మాట్లాడుకున్నాం. ఆ మాటల్లో రానివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను చదువు ముగించి, బొగ్గు కోసం భూమిని తొలిచి చూసే ఒక క్యాంపులో జియాలజిస్టుగా చేరాను. మణుగూరు దాటాక అడవి అంచున మా డేరాలుండేవి. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన నాకు అక్కడి ఎండా కొత్తే, మాటా కొత్తే. యంత్రం భూమిలోంచి రోకలి లావున రాతిముక్కలు తీసేది. వాటినే కోర్ అంటారు. ఆ ముక్కల్ని కడిగి, వచ్చిన వరస తప్పకుండా షెడ్డులో చెక్కపెట్టెల్లో పేర్చడం పెద్దమ్మ పని. ఇల్లెందు గనిలో పనిచేసిన భర్త చనిపోయాక ఒక్కగానొక్క కూతుర్ని పెంచుకుంటూ ఈ కూలిపనిలో చేరిందట. క్యాంపులో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే. చదువు లేదు, అంకెలు మాత్రం గుర్తుపట్టేది.

ఆమె భుజాన ఎప్పుడూ ఒక తడి గోనెగుడ్డ ఉండేది. రాయిని పొడిగా చూసి ఎవరేం చెప్పినా ఒప్పుకునేది కాదు. "తడపని రాయి అబద్ధం చెప్తది" అని గుడ్డతో తుడిచి, రంగు తేలాక అప్పుడు మన ముందు పెట్టేది. ఆపైన ప్రశ్నలు. ఈ మెరుపేంది, ఈ చార ఎట్లొచ్చింది, కింద ఎరుపుండి మీద తెలుపెందుకున్నది. నేను తెలియనివాటికి ఇంగ్లీషు పేరొకటి చెప్పి తప్పించుకోబోతే నవ్వేది. "తెల్వకుంటే తెల్వదనున్రి సారూ. రాయి యాడికి పోతది?"

ఆ లోయలో బొగ్గు పొరలన్నిటికీ అడుగున ఆకుపచ్చ ఛాయ గల ఒక బంకరాయి, అంటే రాయిగా గట్టిపడ్డ బంకమన్ను, ఉంటుంది. అందులో అక్కడక్కడా గులకరాళ్ళు. కోట్ల ఏళ్ళ కిందట ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్నప్పుడు మంచు మోసుకొచ్చి వదిలిన సరుకది. దాని కింద బొగ్గు ఉండదు. అందుకే అది తగలగానే తొలవడం ఆపేస్తారు. మేం దాన్ని 'అడుగు' అనేవాళ్ళం.

ఒక వేసవిలో మా ఆఖరి బోరులో ఆకుపచ్చ బంకరాయి, గులకరాళ్ళు వచ్చాయి. అప్పటిదాకా చెప్పుకోదగ్గ బొగ్గు దొరకలేదు. ఇక్కడా లేదంటే క్యాంపు ఎత్తేయడమే. నేను పుస్తకంలో 'అడుగు తగిలింది' అని రాసి, పెట్టెకు మూత వెయ్యమన్నాను. పెద్దమ్మ వెయ్యలేదు.

"గిది అడుగు కాదు సారూ."

"ఎలా చెప్తున్నావు?"

"రాళ్ళన్ని గుండ్రంగున్నయ్, గోదారి ఒడ్డు రాళ్ళ లెక్క. నీళ్ళు దొర్లించినయ్ ఇవి. అడుగు రాయికి ఒక పక్క అరగదీసినట్టుంటది. గీతలుంటయ్. పోయిన బోరుల ఎన్ని కడగలే నేను?"

అప్పటికే పై ఆఫీసుకు నివేదిక పంపమని తొందర. కూలిమనిషి నాకు పాఠం చెప్పడమేమిటన్న పొగరూ ఉంది, దాచుకోను. "క్యాంపు ఎత్తేస్తే పని పోతుందనేగా ఈ మాటలు?" అన్నాను.

ఆమె గుడ్డను నెమ్మదిగా పెట్టె మీద పెట్టింది.

"పని పోతదని రాయిని మారుస్తనా సారూ?"

ఆ ఒక్కమాట అని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే, ఆమె రాకముందే షెడ్డుకు వెళ్ళి ఆ గులకరాళ్ళను నేనే కడిగి చూశాను. ఒక్కదాని మీదా గీత లేదు. అన్నీ నున్నన. పుస్తకంలో రాసింది కొట్టేసి, బోరు ఇంకా దింపమని డ్రిల్లరుకు చెప్పాను.

నాలుగు రోజులు ఇసకరాయి వచ్చింది. ఆమె చెప్పినట్టే, మొదట తగిలింది అడుగు కాదు. బొగ్గు మాత్రం రాలేదు. అయిదో రోజు అసలు అడుగు తగిలింది. కాగితాలు పేర్చినట్టు సన్నటి పొరల బంకరాయి, దాని మధ్యలో బొటనవేలంత గులాబీరంగు రాయి. రాయి కింది పొరలు లోపలికి కుంగి ఉన్నాయి. ఒక ముఖం చదునుగా అరిగి, దాని మీద సన్నటి గీతలు. క్యాంపు ఎత్తేయక తప్పదని అప్పుడు అందరికీ అర్థమైంది. పెద్దమ్మ మాత్రం ఆ ముక్కను రెండు చేతుల్లో పట్టుకుని మెరిసే కళ్ళతో, "చూసిన్రా సారూ, గీతలు!" అంది.

నేను క్షమించమన్నాను. ఆమె ఆ మాటను పట్టించుకోలేదు.

"తప్పు రాస్తే రేపు ఇంకోడొచ్చి అదే నమ్ముతడు. గందుకు చెప్పిన. అది ఇడిసిపెట్టున్రి. గింత మెత్తటి బురదల ఈ రాయి ఎట్ల పడ్డది? నీళ్ళు దొర్లిస్తే బురద కొట్టుకపోవాలె గద?"

మా పరీక్షల్లో కూడా ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. సరస్సు మీద తేలే మంచుగడ్డ రాయిని మోసుకొచ్చి, కరిగినచోట వదిలేసిందని చెప్పాను.

"ఐసా? ఈడనా?" అని బయట మండే ఎండను చూపించింది. నమ్మలేదు.

డ్రైవరు సామాను కోసం కొత్తగూడెం వెళ్ళినప్పుడు ఊకలో చుట్టిన ఐసుగడ్డ ఒకటి తెమ్మన్నాను. తొట్టి అడుగున మెత్తటి మన్ను కలిపిన నీళ్ళు పోసి, తేరుకున్నాక ఐసుముక్కను తేల్చి, దాని మీద చిన్న చిన్న రాళ్ళు పేర్చాం. డ్రిల్లర్లు, వంటమనిషి, అందరూ చుట్టూ చేరారు. ఒక్కో రాయే జారి, చప్పుడు లేకుండా మునిగి, బురదలో చిన్న గుంట చేసుకుని ఆగింది. ఆఖరి రాయి పడేదాకా పెద్దమ్మ కదల్లేదు. "అవ్, గట్లనే పడ్డది" అని తనకు తానే చెప్పుకుంది.

క్యాంపు విప్పే ముందురోజు ఆమెను దగ్గర్లోని వాగుకు తీసుకెళ్ళాను. అక్కడి ఒడ్డున ఆ అడుగు రాయి బయటపడి ఉంటుంది. నేను గులకరాళ్ళు చూపిస్తుంటే ఆమె చూపు వేరేచోట నిలిచింది. ఒడ్డు రాతిలో నిలువునా పగిలిన ఒక పాత పర్రె, పైన జానెడు వెడల్పు, కిందికి సూదిలా సన్నబడుతూ, నిండా ఇసకరాయి.

"ఎండకు పగిలిందా?" అన్నాను.

"ఎండకు పగిలితే అంచులు గిట్ల పైకి లేస్తయా? పక్కలను ఏదో నూకినట్టున్నది."

నేను వంగి ఆ అంచుల్ని వేలితో తడిమి చూశాను. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల చలికి బిగుసుకుని పగులుతుంది. ఆ పగులులో మంచో ఇసకో చేరుతుంది. మళ్ళీ చలికి అక్కడే పగిలి ఇంకా వెడల్పవుతుంది, పక్కల పొరల్ని పైకి నెడుతుంది. పుస్తకాల్లో చదివానే గానీ చూడలేదు. ఇది అదేనా? బొమ్మ గీసి పెద్ద జియాలజిస్టులకు పంపాను. ఒకరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదని చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఆమె కూతురి దగ్గరికి వెళ్ళి, కొన్నేళ్ళకు అశ్వారావుపేటలో పామాయిల్ మొక్కల నర్సరీలో పనిచేసింది. రెండుసార్లు వెళ్ళి చూశాను. మూడోసారి వెళ్దామనుకుంటూనే ఉండిపోయాను.

ఆ రోజు వాగు దగ్గర, నేను చెప్పినదంతా విని ఆమె చెప్పులు విడిచి ఒడ్డెక్కింది. చెంగు నడుముకు చెక్కుకుని, ఆ పర్రెలోని ఇసకరాయి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. వాగు నీరు ఊరి ఆ రాయి తడిగా ఉంది. మిట్టమధ్యాహ్నం, చుట్టూ టేకాకులు ఎండి గలగలమంటున్నాయి.

"ఇంకా సల్లగనే ఉన్నది సారూ" అని నవ్వింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.