వృత్తి అనే గడిలో మా మేనత్త

మా మేనత్త పోయింది. మంగళవారం ఉదయం ప్రార్థనకు కూర్చోబోతుంటే సఖినేటిపల్లి నుంచి ఫోన్ వచ్చింది. బోధకుడిగా మరణం గురించి ఎన్నో ఇళ్లలో గొంతెత్తి మాట్లాడినవాణ్ణి, ఆ ఫోన్ పెట్టేసి ఊరికే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. ఆమె ఎత్తుకున్న బరువు దించకుండానే వెళ్లిపోయింది.

మా వైపు లేసు అల్లని ఇల్లు తక్కువ. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు. ఆడవాళ్లు గడపలో కూర్చుని అల్లుతారు. ఆ పువ్వులు ఏ దేశంలోనో భోజనాల బల్లల మీద పరుచుకుంటాయి. కానీ సర్వేవాళ్లొచ్చి ఏం పని చేస్తారమ్మా అని అడిగితే, చేతిలో లేసు పైట కింద దాచేసి, "ఏమీ లేదండి, ఇంట్లో ఖాళీయేనండి" అనడం ఇక్కడి మర్యాద. పని చేస్తున్నానంటే మొగుడు పోషించలేడని చాటినట్టట. 'ఖాళీ' అనే ఆ ఒక్క మాటతో కార్మికుల కార్డు పోతుంది, ముసలితనంలో ఆసరా పోతుంది, ఏజెంటును నిలదీసే నోరూ పోతుంది. తనూ లేసు అల్లుతూనే మా మేనత్త ఇరవై ఏళ్లు ఆ మాట మీదే పోరాడింది.

గుమ్మం గుమ్మానికీ తిరిగేది. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"నీకు కార్డు కావాలా, వద్దా?"

"కావాలండి పిన్నిగారూ. మా ఆయన వింటే బాగోదండి."

"మీ ఆయన కువైట్‌లో ఉన్నాడు కదే. అక్కడిదాకా వినపడేలా నేనేం అరవనులే."

నన్నూ వదల్లేదు. ఒక ఆదివారం, బైబిల్లో కదురు పట్టిన గుణవతి గురించి ఆవేశంగా ప్రసంగిస్తూ, మన అక్కచెల్లెళ్లు కూడా ఖాళీ సమయంలో లేసు అల్లుతున్నారని మెచ్చుకున్నాను. కూటం అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"ఏరా, ఆవిడ ఖాళీగా ఉండి వడికిందని రాసుందా అందులో?"

గ్రంథం తెరిచి చూశాను. "లేదత్తా."

"మరి నీకెవరు చెప్పేరు? సర్వేవాళ్లా?"

ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, కళ్లు పీకేలా నాకు నేనే చదువుకున్న వాక్యం అది. అందులో లేని మాట నేనే కలిపాను. మరుసటి ఆదివారం నిలబడి ఒప్పుకున్నాను. ఆమె ముందు వరసలో కళ్లు మూసుకుని వింది. నిద్రపోయిందేమో కూడా.

అర్జీలు పట్టుకుని అమలాపురం బస్సెక్కేది. అక్కడి ఆఫీసులో మళ్లీ రమ్మంటే "ఆయ్, వస్తామండి" అనేది, వెళ్లేది. న్యాయాధిపతిని విసిగించి న్యాయం సాధించిన విధవరాలి కథ చెప్పి ధైర్యపరచబోయాను.

"ఆవిడకి ఒక్క జడ్జీయే కదరా. ఇక్కడ సీటులో మనిషి మారిన ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలి" అంది.

కార్డు రాకుండానే ఆమె చూపు మందగించింది, తర్వాత మంచం పట్టింది.

భూస్థాపన అయిన మూడో రోజు, మరణం నమోదు చేయించడానికి గ్రామ సచివాలయానికి వెళ్లాం. నేను, ఆమె కూతురు, మా వెనక లేసు అల్లే ఆడవాళ్లు పదిమంది. ఉద్యోగి కంప్యూటర్ ముందు కూర్చుని, చనిపోయినావిడ వృత్తి ఏమిటని అడిగాడు.

"ఇంట్లోనే..." అంటూ కూతురు ఆగిపోయింది. తల పైకెత్తి, "లేసు కార్మికురాలండి" అంది.

"ఆ మాట ఇందులో లేదమ్మా. గృహిణి అని వేసేస్తాను."

"వేయకండి."

"పైవాళ్లని అడగాలండి మరి."

"అడగండి. మేం ఉంటాం."

ఆయన ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. ఆడవాళ్లు ఆ గదిలోనే గచ్చు మీద బారుగా కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు సంచుల్లోంచి దారం తీశారు. కాసేపటికి ఆయన తిరిగొచ్చేసరికి, గుమ్మం నుంచి కుర్చీ దాకా తెల్లదారాలే. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఏ దారమూ తొక్కకుండా, అడుగు చూసుకుని అడుగు వేస్తూ లోపలికి నడిచాడు.