మూడు చక్రాల నిరోష

మోత్కూర్ మార్కెట్ యార్డులో వెంకన్న ట్రాలీ ఆటో తెలియనివాళ్లు తక్కువ. ఆయన కూతురు నిరోష తెలియనివాళ్లు ఇంకా తక్కువ. తండ్రికి నడుం నొప్పి వచ్చినప్పుడల్లా ఆ ఆటోలో పత్తి బోరాలు వేసుకుని తానే తోలేది. ఎవరైనా అడ్డం వస్తే హారన్‌తో పాటు నోరు కూడా వాడేది. నల్లగొండలో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో చేరితే, ఆ గొంతు విని పరేడ్‌లో ఆమెనే ముందు నిలబెట్టారు. సైన్యంలో ఆఫీసర్ శిక్షణకు ఎంపికైంది కూడా ఆ గొంతు వల్లేనని తల్లి స్వరూప నమ్మకం. చెన్నై రైలెక్కే ముందు నిరోష వాడకట్టు మొత్తానికి చెప్పి వెళ్లింది. "ట్యాంకైనా నడుపుత, సూస్తుండుండ్రి."

అకాడమీలో చేరిన వారంలోనే ఆమెకు బండి ఇచ్చారు. అది సైకిలు.

అక్కడ కొత్త క్యాడెట్లు తీరికగా నడవడానికి వీల్లేదు. డ్రిల్లుకైనా తరగతికైనా పరుగెత్తాలి, లేదా వరుసలు కట్టి సైకిళ్ల మీద పోవాలి. నిరోషకు సైకిలు రాదు. అందరూ నేర్చుకునే వయసులో ఆమె ఆటోలో తండ్రి పక్కన కూర్చుంది. పెద్దయ్యాక సరాసరి ఆటో హ్యాండిలే పట్టింది. మూడు చక్రాలకు తక్కువైనదాన్ని బండి అని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

డ్రిల్లు నేర్పే ఉస్తాద్ గఢ్వాల్ కొండల మనిషి. నవ్వొచ్చినా మీసం కదలనివ్వడు. సైకిలు పట్టుకుని నిలబడిపోయిన నిరోషను, ఎందుకు ఎక్కడం లేదని అడిగాడు. ఆమె నల్లగొండ బస్టాండులో నేర్చిన హిందీలో ఉన్నమాట చెప్పింది.

"సైకిల్ నై ఆతా ఉస్తాద్. ఆటో ఆతా."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఉస్తాద్ కాసేపు ఆలోచించినట్టు నటించాడు. ఆటో కావాలని పైవాళ్లను అడుగుతానని, అది మంజూరయ్యేదాకా సైకిలును చేత్తో పట్టుకుని పక్కనే పరుగెత్తమని చెప్పాడు.

ఆ రోజు నుంచి అందరూ సైకిళ్ల మీద పోతుంటే, నిరోష తన సైకిలును మొండికేసిన బర్రెను లాక్కెళ్లినట్టు లాక్కుంటూ వెనకాల ఉరికింది. ఆమె ఆలస్యమైతే శిక్ష ఆమె ఒక్కదానికే కాదు, జట్టు మొత్తానికి. అందరూ నేల మీద పల్టీలు కొట్టాలి. లేచి దుమ్ము దులుపుకున్నాక అందరి చూపూ ఆమె మీదే. మార్కెట్ యార్డులో మాటకు మాట అంటించే పిల్ల, అక్కడ "యెస్ ఉస్తాద్" తప్ప మరో మాట లేకుండా బతికింది. సైకిలు కంటే అదే ఎక్కువ కష్టమైందని ఇప్పటికీ అంటుంది.

ఆదివారం కాసేపు ఫోన్లు చేతికిచ్చేవారు. ఇంట్లో అవ్వ నర్సింగమ్మ స్పీకర్ పెట్టించుకుని అడిగింది.

"బిడ్డా, తుపాకి ఇచ్చిండ్రా?"

"ఇంక లేదవ్వా."

"మరేం నేర్పుతుండ్రు?"

నిరోష నసిగింది. "సైకిల్."

అవ్వ గొంతు పెంచింది. "గంత దూరం తోల్కపోయి సైకిల్ నేర్పుతుండ్రా? గదేదో మన గోపాల్ దుకాణంల కిరాయికి తెచ్చుకున్నా వస్తుండె గదా."

స్వరూప ఫోన్ లాక్కుంది. "అవ్వ మాటకేం గని, తిన్నవా?"

"తిన్న. అమ్మా, నాతోని ఐతలేదు. నేను వచ్చేస్త."

ఆమె గొంతులో ఏడుపు స్వరూపకు వినిపించింది. బతిమాలితే ఇంకా ఏడుస్తుందని ఆ తల్లికి తెలుసు.

"రా మరి. మీ బాపుకు నడుం నొస్తాంది, ఆటో ఖాళీగనే ఉన్నది. ఎందుకొచ్చినవని అడిగెటోళ్లకు మాత్రం నువ్వే చెప్పుకో, సైకిల్ రాక వచ్చిన అని."

నిరోషకు మోత్కూర్ ముఖాలు ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి. "జర ఆగి సూస్త" అని ఫోన్ పెట్టేసింది.

పక్క మంచం మనీషది హర్యానా. ఆమెకు నిరోష మీద జాలి కంటే పల్టీల మీద విసుగే ఎక్కువ. ఆ మధ్యాహ్నమే బ్యారక్ వెనక ఏటవాలు దారికి తీసుకెళ్లి, సైకిలు ఎక్కించి, వెనక సీటు పట్టుకుని తోసింది. "ఇడువకే, ఇడువకే" అని నిరోష తెలుగులో అరిచింది. అది ఉత్సాహం అనుకుని మనీష వదిలేసింది. నిరోష పూలకుండీల్లో తేలింది. మళ్లీ ఎక్కింది. నేరు దారిలో బాగానే పోయేది గానీ, మలుపు రాగానే ఆటో తిప్పినట్టు హ్యాండిల్ మొత్తం తిప్పేసేది. మోకాళ్ల తోలు ఆ ఆదివారమే పోయింది.

వరుసలో మొదటిసారి తొక్కిన రోజు నేరు దారి అయిపోయి మలుపు వచ్చింది. నిరోషతో పాటు వెనక ఉన్నవాళ్లు కూడా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఉస్తాద్ వచ్చి నిలబడి, ఆటో వచ్చేసిందా అని అడిగాడు. ఈసారి కింద పడ్డ అమ్మాయిలందరూ నవ్వారు. మనీష అయితే పల్టీలు కొడుతూ కూడా నవ్వింది. నిరోషను వాళ్లు తమలో కలుపుకున్నది ఆ రోజే. తర్వాత కొద్ది రోజులకు సైకిలు దానంతట అదే వచ్చింది.

ఇప్పుడామె రాజస్థాన్‌లో లెఫ్టినెంట్. తొలి వారాల సంగతి అడిగితే, డ్రిల్ పరీక్ష పాసై మొదటిసారి చెన్నై ఊళ్లోకి వెళ్లిన రోజు గురించి చెబుతుంది. చీరలోనే వెళ్లాలన్నారు. జట్టులో చాలామందికి చీర కట్టడం రాదు. ఏటా బతుకమ్మకు వాడకట్టు పిల్లలందరికీ కట్టిన చెయ్యి ఆమెది, వరుసగా నిలబెట్టి కుచ్చిళ్లు పెట్టింది. తర్వాత అందరూ ఒక హోటల్లో దోసెలు చెప్పి, అవి వచ్చేలోపే అన్నాళ్ల అలసటకు పట్టుచీరలతో బల్లల మీద తలలు వాల్చి నిద్రపోయారు. సర్వర్ భయపడి నిరోష భుజం తట్టి, ఒంట్లో బాగాలేదా అని తమిళంలో అడిగాడు.

ఆమె ఒక కన్ను తెరిచింది. "సాంబార్ జర ఎక్కువ పొయ్యి అన్నా" అని తెలుగులోనే చెప్పి, మళ్లీ తల వాల్చింది.