ఎవరి చెయ్యి తగిలిందో

మా సర్వర్ గది మేడమ్ పోయారు. సోమవారం పొద్దున నేను బస్సు దిగుతుండగా సత్తెనపల్లి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క తెల్లవారుజామున పోయిందమ్మా, నిద్రలోనే. మీ ఆసుపత్రి వాళ్ళకి నువ్వే చెప్పు" అన్నాడు. ఎవరికి ముందు చెప్పాలో తోచలేదు. మా యజమాని డాక్టరు గారి గది దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ల్యాబ్‌లో చెప్పాను. కంప్యూటర్ తెర కదలకపోతే ఆవిణ్ణి మొదట తలుచుకునేది వాళ్ళే. రిటైరై ఇంటికి వెళ్ళిపోయాక కూడా "మేడమ్ ఉంటేనా" అనే మాట ఆ ల్యాబ్‌లో ఆగలేదు.

నరసరావుపేటలో మాది మరీ పెద్దదీ, మరీ చిన్నదీ కాని ఆసుపత్రి. మాచర్ల, గురజాల వైపు నుంచి, ఇటు నూజెండ్ల నుంచి జనం వస్తారు. వాళ్ళ రక్తపరీక్షలు, స్కానింగులు, మందుల చీటీలు అన్నీ మెట్ల పక్కనున్న ఒక చల్లటి గదిలో, ఇనప బీరువా లాంటి ర్యాక్‌లో బిగించిన రెండు సర్వర్లలో ఉంటాయి. భవనమంతా ఉన్న కంప్యూటర్లకి అవే దిక్కు. పెద్ద కంపెనీల్లో ఉండేంత భారీవి కావు, బల్ల మీద పెట్టుకునేవీ కావు. చిక్కంతా ఈ మధ్యరకం వాటితోనే అనేవారు మేడమ్. "పెద్దవాటికి కాపలా చానామంది ఉంటారు. చిన్నది పోతే ఇంకోటి కొనుక్కుంటారు. దీనికి మనమే ఉండాల."

నన్ను ఇంటర్వ్యూ చేసింది ఆవిడే. సర్వర్ ఉన్నట్టుండి వేడెక్కుతోంది, ఏం చేస్తావని అడిగారు. నాకు నాలుగైదు జవాబులు తోచాయి. ఏదీ ఖాయంగా అనిపించలేదు. "ఇక్కడ కూర్చుని చెప్పలేను మేడమ్, చూడాలి" అన్నాను. నా ముందు వెళ్ళినవాళ్ళు గడగడా చెప్పి వచ్చారు, కాబట్టి ఉద్యోగం దక్కదనే అనుకుని ఇంటికి వచ్చేశాను. చేరాక ఒకసారి ఆ సంగతి ఎత్తితే, "వాళ్ళకి చూడకుండానే తెలిసిపోయింది. అట్టాంటోళ్ళ చేతికి నా తాళం ఇస్తానా" అన్నారు. చిన్నప్పటినుంచీ ఇంట్లో అనుమానం మనిషిననిపించుకున్న నాకు, ఆ గుణం పనికొచ్చే చోటు ఒకటుందని చూపించింది ఆవిడ.

మా వైపు ఎండ సంగతి తెలిసిందే. దానికి తోడు క్వారీల నుంచి వచ్చే రాతి దుమ్ము, మిరపకాయల రోజుల్లో గాలిలో ఉండే ఆ సన్నటి ఘాటు. సర్వర్లు ముందు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతాయి. కాబట్టి గది కిటికీ జాలీకి కట్టిన గుడ్డను ఆవిడ తన చేత్తోనే విప్పి, ఉతికి, మళ్ళీ కట్టేవారు. పొద్దున రాగానే చెప్పులు బయట వదిలి, ర్యాక్ వెనక్కి వెళ్ళి, వేడిగాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి నిలబడేవారు. టెంపరేచర్ అంకె తెర మీద కనబడుతూనే ఉంటుంది కదా అని అడిగాను. "పిల్లకి జొరమొస్తే థర్మామీటర్ పెట్టినా, నుదుటి మీద చెయ్యి వెయ్యవా అమ్మాయ్?" అన్నారు. ఇప్పుడు నేనూ పెడుతున్నాను. దానివల్ల నిజంగా ఏదైనా తెలుస్తుందో, ఆవిడ చేసేవారని చేస్తున్నానో చెప్పలేను.

"అంతా బాగుంది" అనే మాట ఆవిడ నోట నేను వినలేదు. ఎవరు అడిగినా, "ఇప్పటిదాకా చూసినంతలో బాగుంది" అనేవారు.

"ఒక్కసారన్నా బాగుందనొచ్చుగా మేడమ్, దిష్టి తగులుద్దా ఏంది?" అని ల్యాబ్ ఇన్‌చార్జి ఎగతాళి చేసేవాడు.

"నీ రిపోర్టుల్లో నువ్వు రాసేదేంది? ఈ శాంపిల్ వరకే అని కింద రాయవా?"

అతను నవ్వుతూ మళ్ళీ మైక్రోస్కోపు వైపు తిరిగేవాడు.

బ్యాకప్ విషయంలో మరీ పట్టుదల. రోజూ సాయంత్రం నకలు తీస్తే సరిపోదు. శనివారం ఆ నకల్లోంచి ఎవరో ఒక పేషెంటు ఫైలు పక్కనున్న పాత మెషీన్ మీదికి ఎక్కించి, తెరిచి, కళ్ళతో చదవాలి. "తీసిపెట్టామనేది మాట. తెరిచి చూశామనేది సంగతి."

ఇంత మెచ్చుకుంటున్న మనిషి మీద నాకు ఒక అనుమానం ఉండేది. అది చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాస్తే ఆవిడకే నచ్చదు.

ఒకసారి ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ఏసీ స్విచ్ అనుకుని సర్వర్‌కి కరెంటు వెళ్ళే స్విచ్ కట్టేశాడు. బ్యాటరీ అందుకుంది కాబట్టి ఏమీ కాలేదు. మేడమ్ అతన్ని అందరి ముందే నిలబెట్టి, "నీ చెయ్యే తగిలింది. ఇందులో ఏసీది ఏది, సర్వర్‌ది ఏది? నువ్వు చెప్పు, నేను వింటా" అన్నారు. అతను మొహం చిన్నబుచ్చుకుని చెప్పాడు. "ఇంతమందిలో అడగాలా మేడమ్" అని గొణిగాడు కూడా. టీ తెప్పించి ఇస్తూ ఆవిడ అన్న మాట నాకు బాగా గుర్తు: "ఎవరి చెయ్యి తగిలిందో వాళ్ళకి తెలియాల. తెలియకపోతే మళ్ళీ తగులుద్ది." ఆ మాటకి ఆవిడ ఎప్పుడూ కట్టుబడి ఉన్నారా, పెద్దవాళ్ళ దగ్గర సడలించారా అన్నదే నా అనుమానం. అది ఒక దసరా నాడు పుట్టింది.

ఆయుధపూజకి మా ఆసుపత్రిలో అంబులెన్స్ నుంచి ఎక్స్‌రే మెషీన్ దాకా అన్నిటికీ బొట్లు పెడతారు. పెట్టేది డాక్టరు గారి తల్లి. అందరం పెద్దమ్మగారు అంటాం. ఆ ఏడు పండగ ముందురోజే సర్వర్‌లో ఒక డిస్కు పాడైంది. సర్వర్ ముందు వైపు అరల్లో వరసగా ఉండే డిస్కుల్లో ఒకటి పోయినా మిగతావి కలిసి పని నడిపిస్తాయి. రెండోది కూడా పోతే మొత్తం ఆగిపోతుంది. కొత్త డిస్కు గుంటూరు నుంచి రావాలి, పండగ మూలాన రాలేదు. పాడైనదాని మీద నారింజరంగు దీపం, మిగతావాటి మీద పచ్చ దీపాలు.

పెద్దమ్మగారు వచ్చారు. నేను కుంకుమ పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డాను, మేడమ్ గుమ్మం దగ్గర ఉన్నారు. పెద్దమ్మగారు భక్తిగా ఒక్కో డిస్కుకీ బొటనవేలు నొక్కి పసుపు రాసి బొట్టు పెడుతూ, ఒకచోట డిస్కుని పట్టి ఉంచే గొళ్ళెం మీద నొక్కారు. టక్కున అది ఊడి, డిస్కు ముందుకొచ్చింది. అది పాడైనది కాదు, పనిచేస్తున్నది. "మూత ఊడొచ్చిందే" అంటూ ఆవిడే మళ్ళీ లోపలికి తోసి, దాని మీదా బొట్టు పెట్టి, హారతి ఇచ్చి వెళ్ళిపోయారు. అప్పటికే ల్యాబ్‌లో తెరలు ఆగిపోయాయి.

ముందురోజు వరకు బ్యాకప్ ఉంది. కానీ ఆ పొద్దున డయాలసిస్ వాళ్ళకి తీసిన రక్తపరీక్షల ఫలితాలు అందులో లేవు. అవి పోతే మళ్ళీ రక్తం తీయాలి. వాళ్ళ చేతులు చూసినవాళ్ళకి తెలుస్తుంది, అక్కడ సూది గుచ్చడానికి చోటు మిగిలి ఉండదు. మాచవరం నుంచి డయాలసిస్‌కి వచ్చే ఒక లారీ డ్రైవరు గుమ్మం దాకా వచ్చాడు.

"ఏందమ్మా, రక్తం మళ్ళీ తీస్తారంట?"

"ఎవరన్నారు?"

"ఆ నర్సమ్మ."

"ఇప్పుడే తీయనియ్యమాక అన్నా. కాసేపు కూర్చో."

"పొద్దుట్నుంచి కూర్చునే ఉండాగా. ఇంకెంతసేపు కూర్చునేది?" అంటూనే వెళ్ళి కూర్చున్నాడు.

మేడమ్ ముందు అందరి చేతులూ ర్యాక్ మీంచి తీయించారు. తర్వాత మంచినీళ్ళు తాగారు. ఫోన్‌లో దొరికిన సర్వీసు ఇంజనీరు, పాత అమరిక తుడిచేసి బ్యాకప్ ఎక్కించుకోండి అన్నాడు. "నాయనా, నువ్వు హైదరాబాద్‌లో ఉండావు. ఇక్కడ మంచాల మీదోళ్ళ చేతులు నువ్వు చూళ్ళేదు" అని పెట్టేశారు. సర్వర్ ఆపి, నిన్న పాడైన డిస్కుని బయటికి లాగి పక్కన పెట్టారు, అందులోని పాత లెక్క కొత్తదానితో కలవకుండా. ఊడొచ్చిన దాన్ని తుడిచి, గొళ్ళెం పడేదాకా సరిగ్గా కూర్చోబెట్టారు. మళ్ళీ ఆన్ చేస్తే తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. ఆవిడ దాన్ని నాకు తెలుగులో చదివి వినిపించారు. "ఈ డిస్కులు ఎవరివో నాకు తెలవదు, లోపలికి రానియ్యమంటావా, తుడిచెయ్యమంటావా అంటంది. ఏమందాం అమ్మాయ్?"

"రానియ్యమందాం" అన్నాను.

"ఖాయమేనా?"

"కాదు మేడమ్."

"నాకూ కాదు. కానీ తుడిచేస్తే మళ్ళీ రాదు. రానిచ్చినాక బాగోకపోతే, అప్పుడు తుడుచుకోవచ్చు." మీట నొక్కారు. పచ్చ దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. అప్పుడు కూడా ఆవిడ నవ్వలేదు. పొద్దున రక్తం తీసినవాళ్ళ పేర్లు ల్యాబ్ నుంచి తెప్పించి, ఒక్కొక్కరి ఫలితాలూ తెర మీద తెరిచి చదివాకే లారీ డ్రైవరుని లోపలికి పంపారు.

డాక్టరు గారు వచ్చి ఏమైందని అడిగారు. "ఒక డిస్కు కదిలింది సార్. గది తెరిచిపెట్టింది నేను, బాధ్యత నాది" అన్నారు మేడమ్. ఎవరి చెయ్యి తగిలిందో చెప్పలేదు. నేను చూశానని ఆవిడకి తెలుసు. అయినా నాతోనూ ఆ మాట ఎత్తలేదు. ఏసీ మెకానిక్‌కి చెప్పగలిగిన మనిషి యజమాని తల్లి దగ్గరికొచ్చేసరికి మింగేశారా? మరుసటి ఏడు నుంచి పాడైన పాత సర్వర్ ఒకటి ముక్కాలిపీట మీద గది బయట పెట్టించి, బొట్లూ దండలూ దానికే అన్నారు. పెద్దమ్మగారు ఒప్పుకోరని మేమంతా భయపడ్డాం. ఆవిడ మారుమాట లేకుండా, "మేడమ్ ఎక్కడంటే అక్కడే" అన్నారు. అదీ నాకు అర్థం కాలేదు. మేడమ్‌ని అడగవలసింది. ఆవిడ రిటైరయ్యేదాకా అడగలేదు.

మేడమ్ పెద్దకర్మ అయిన మర్నాడు పెద్దమ్మగారు ఆసుపత్రికి వచ్చారు. ఇప్పుడు ఆవిడకి నడక కష్టం. గోడ పట్టుకుంటూ మెట్ల పక్కకి వచ్చి, "తాళం ఇప్పుడు నీ దగ్గరేనా?" అన్నారు. అవునన్నాను.

"ఆ దసరా నాడు నా చేత్తో ఊడింది ఏదమ్మా? చూపియ్యి."

నా మొహం చూసి ఆవిడే చెప్పారు. "నాకెట్టా తెలుసనా? మర్నాడే ఇంటికొచ్చిందిగా మీ మేడమ్. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తే, తరవాత తాగుతాను, ముందు ఇది వినండి అంది. సంచిలోంచి ఒక పాత డిస్కు తీసి, ఈ గొళ్ళెం మీ వేలికి తగిలింది పెద్దమ్మగారూ అని నా చేతే నొక్కించింది. లోపల మంచాల మీద ఎంతమంది ఉండారో అదీ చెప్పింది. నా కొడుకన్నా నాకు మొహాన అట్టా చెప్పడు."

"కోపం రాలేదా పెద్దమ్మగారూ?"

"రాకేం? అన్నం సయించలా. తరవాత నా కొడుక్కి నేనే చెప్పా. ఆమె చెప్పలేదంట."

మెకానిక్‌కి అందరి ముందు, ఈవిడకి వరండాలో. ఆ తేడా నాకు ఇంకా పూర్తిగా మింగుడుపడలేదు. కానీ చెప్పారు. ఎవరి చెయ్యో వాళ్ళకే చెప్పారు. ఇన్నేళ్ళూ నాకు చెప్పకపోవడానికి కారణం, ఆ చెయ్యి నాది కాకపోవడమే అయి ఉంటుంది.

తలుపు తీశాను. పెద్దమ్మగారు గుమ్మం అవతలే చెప్పులు విడిచి, నా భుజం ఆసరాతో లోపలికి వచ్చారు. నేను టార్చి వేసి ఆ గొళ్ళెం చూపించాను. "ఇంతేనా" అన్నారు మెల్లగా. నా భుజం వదిలేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, బడిపిల్లలా వంగి చూస్తూ నిలబడ్డారు. ఆవిడ కళ్ళద్దాల మీద పచ్చ దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.